నాలుగో అరుగు, ఏడో చోటు

మే 14 పొద్దున ఆరున్నరకి నా నోటుపుస్తకంలో రాసుకున్నది ఒకటే ముక్క: "నాలుగో అరుగు, ఏడో చోటు, గుడ్డు." ముందురోజు సాయంత్రం అక్కడ గుడ్డు లేదు. రాత్రికి రాత్రి వచ్చింది. లేత ఆకుపచ్చ పెంకు మీద ఎవరో సిరా కలం విదిలించినట్టు నల్లటి గీతలు, మరకలు. ఒక కొస లావు, ఇంకో కొస సన్నం. కింద గూడంటూ ఏమీ లేదు. పుల్ల లేదు, ఈక లేదు, వట్టి అరుగు. దాని మీద ఆ గుడ్డు, గుడ్డు మీదికి ఒంగి ముక్కుతో నెమ్మదిగా సర్దుకుంటున్న నల్లవీపు పక్షి. నా మొహానికీ దానికీ మధ్య జానెడు దూరం, ఒక పలక అడ్డం.

స్టోరా కార్ల్‌సో అనే దీవి మీద ఆ వేసవిలో తొమ్మిది వారాలు ఉన్నాను. స్వీడన్‌లో గోట్లాండ్ అనే పెద్ద దీవి ఉంది కదా, బాల్టిక్ సముద్రం నడుమ. దాని పడమటి తీరంలో క్లింటెహామ్న్ అనే చిన్న రేవు నుంచి పడవెక్కితే అరగంట దాటాక ఈ దీవి వస్తుంది. మొత్తం రెండున్నర చదరపు కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చుట్టూ తిరిగి రావచ్చు. దూరం నుంచి చూస్తే బల్లపరుపుగా, అంచులు కోసేసినట్టు కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ అంచులే నిట్టనిలువు సున్నపురాతి కొండచరియలు. ఆ రాయి సిలూరియన్ కాలం నాటి పగడపు దిబ్బ. 40 కోట్ల ఏళ్లకు పైబడిన మాట అది. అప్పుడీ నేల భూమధ్యరేఖకి దగ్గర్లో, వెచ్చటి సముద్రం అడుగున ఉండేది. చరియ కింద నడుస్తుంటే ఆ పగడాల ముక్కలే కాళ్లకి తగులుతుంటాయి.

ఆ చరియల మీదే గిల్లెమాట్లు ఉంటాయి. స్వీడిష్‌లో వీటిని సిల్‌గ్రిస్లా అంటారు. అందులో సిల్ అంటే హెర్రింగ్ చేప. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నిటారుగా నిలబడే తీరు. ఎగరగలవు గానీ వాటి అసలు చోటు నీళ్లే. రెక్కలతో నీళ్లలో ఈదుతూ లోతుకి దిగి చేపని పట్టుకుంటాయి. 20,000 పైచిలుకు జంటలు ఇక్కడ గుడ్లు పెడతాయి. బాల్టిక్ మొత్తంలో వీటికి ఇంతకన్నా పెద్ద స్థావరం లేదు. ఏడాదికి ఒక్క గుడ్డు. భుజాలు రాసుకునేంత ఇరుకులో, అదే అరుగు మీద, అదే జానెడు చోటుకి ఏటేటా తిరిగొస్తాయి. ముప్ఫై, నలభై ఏళ్లు బతికే పక్షులు ఇవి. అంటే ఏడో చోటు జంటలో ఒకటి నాకన్నా పెద్దదైనా కావచ్చు. మొదటి వారంలో ఈ సంగతి చాలాసార్లు గుర్తొచ్చేది.

పక్షిని అంత దగ్గర నుంచి ఎలా చూశానంటే, 2008లో ఇక్కడ కొండ అంచున ఒక కృత్రిమ చరియ కట్టారు. కార్ల్‌సో ఆక్ ల్యాబ్ అంటారు. ఆక్ అంటే గిల్లెమాట్ల కుటుంబం పేరు. బయటివైపు పక్షులకి అరుగులు, లోపలివైపు మనుషులకి చీకటి గదులు. గోడలో అక్కడక్కడా చిన్న చూపుడు కంతలు. పక్షులు దాన్ని కొండగానే ఒప్పుకుని వచ్చి చేరాయి. లోపల రెట్ట వాసన ఘాటుగా ఉంటుంది, రెండ్రోజుల్లో అలవాటవుతుంది. అలవాటు కానిది ఆ మోత. వందల గొంతులు ఒకేసారి గర్‌ర్‌ర్ మంటుంటాయి. సాయంత్రం బసలో పడుకుని కళ్లు మూసుకున్నా అదే మోత చెవుల్లో.

నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. రోజూ ఒకే వేళకి ఒక్కో అరుగూ చూసి, ఒక్కో చోటులో ఏముందో రాయడం. గుడ్డు, గుడ్డు లేదు, పిల్ల, పిల్ల కనబడలేదు, ఏ చేప తెచ్చింది, ఎన్నింటికి తెచ్చింది. కెమెరాలు ఉన్నాయి. వీడియోల్లో పక్షుల్ని, చేపల్ని గుర్తుపట్టే కృత్రిమ మేధ కూడా వచ్చింది. అయినా మనిషి కన్ను మానలేదు. ఏడో చోటు జంటని నేను కాలి ఉంగరాలతో గుర్తుపట్టేదాన్ని: పచ్చ ఉంగరం ఆడది, తెల్ల ఉంగరం మగది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఎప్పుడో తీసిన రక్తపు చుక్కతో ఏది ఏదో తేలింది.

గుడ్డు ఆకారం గురించి ఒక్క మాట. సన్నటి కొస ఉండడం వల్ల అది గుండ్రంగా దొర్లి కింద పడిపోదని చాలామంది చెబుతారు. కారణం మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదాలున్నాయి. కానీ రంగు, గీతల సంగతిలో సందేహం లేదు. ఏ రెండు గుడ్లూ ఒకలా ఉండవు. నీలం, తెలుపు, ఆకుపచ్చ, మట్టిరంగు. మీద చుక్కలు, గీతలు, కొన్నిటి మీద ఏమీ ఉండదు. అంత ఇరుకులో తన గుడ్డు ఏదో ఆ గీతల్ని బట్టే తల్లీ తండ్రీ పోల్చుకుంటాయి. పిల్ల కూడా తక్కువదేం కాదు. పెంకు లోపల ఉండగానే తల్లిదండ్రుల గొంతు నేర్చేసుకుంటుంది. ఆ మాట మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు. జూన్‌లో నమ్మాను. అది తర్వాత చెబుతాను.

ఈ దీవికి రక్షణ వచ్చి 140 ఏళ్లు దాటింది. గొర్రెలు మేసి నేలని బోడి చేశాయి, వేట వల్ల పక్షులు బాగా తగ్గిపోయాయి. విల్లీ వోలర్ అనే ఆయన 1880లో వేటకీ జంతు సంరక్షణకీ కలిపి ఒక సంఘం పెట్టి దీవిని కొనడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఎల్లోస్టోన్ తర్వాత ప్రపంచంలో పాత రక్షిత ప్రాంతం ఇదేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. మేలో దిగేసరికి ఆ రక్షణ ఫలితం నేల మీదే కనిపిస్తుంది. ఆడమ్ ఓక్ ఏవ అనే ఆర్కిడ్లు, అంటే ఆదాము అవ్వ, ఎర్రవీ పసుపువీ కలిసి గడ్డి నిండా పూసి ఉంటాయి. ఒకే జాతి, రెండు రంగులు. వాటి మధ్య దారి తప్పకుండా నడవమని మొదటిరోజే చెప్పారు.

మనుషులు ఇక్కడికి రావడం అంతకన్నా చాలా పాతది. స్టోరా ఫోర్వార్ అనే గుహని 1888లో తవ్వడం మొదలుపెడితే నాలుగు మీటర్లకు పైగా మందాన ఎముకలు, పనిముట్లు, బూడిద పొరలుపొరలుగా బయటపడ్డాయి. సీల్ ఎముకలే ఎక్కువ. ఈమధ్య 2025లో ఆ గుహలోని రెండు తోడేళ్ల ఎముకల మీద పరిశోధన వచ్చింది. 3,000 నుంచి 5,000 ఏళ్ల నాటివి. ఇంత చిన్న దీవికి తోడేలు తనంతట తాను రాలేదు, ఇక్కడ దానికి వేటా లేదు. అవి తిన్నది సీళ్లు, చేపలు. అంటే మనుషులే పడవలో తెచ్చి మేపి ఉండాలి. గుహ నోట్లో నిలబడి ఈ సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

సముద్రం గురించి చెప్పాలి. బాల్టిక్ నిండా ఉప్పూ మంచినీళ్లూ కలిసిన నీళ్లే. ఉత్తరం నుంచి, తూర్పు నుంచి నదులు పోస్తూనే ఉంటాయి, డెన్మార్క్ పక్కన ఇరుకు జలసంధుల్లోంచి మాత్రమే అసలు సముద్రపు ఉప్పునీళ్లు లోపలికి వస్తాయి. మహాసముద్రంలో కిలో నీళ్లకి 35 గ్రాముల ఉప్పుంటే గోట్లాండ్ దగ్గర 7 గ్రాములే. నాలుక మీద వేసుకుంటే పప్పులో ఉప్పు సరిపోనట్టుంటుంది. ఆ ఏడు గ్రాములు ఎవరికీ సరిగ్గా నప్పవు. సముద్రపు జీవికి చాలదు, చెరువు జీవికి ఎక్కువ. అందుకే జాతులు తక్కువ. సర్దుకున్నవి కూడా చిక్కిపోయి ఉంటాయి. ఇక్కడి నీలి ఆల్చిప్ప నా బొటనవేలి గోరుకి కాస్త పెద్దది, అంతే. అదే జాతి అట్లాంటిక్‌లో దానికి రెండు మూడింతలు పెరుగుతుంది. సముద్రపు నాచు, మంచినీటి పైక్ చేప, రెల్లు ఒకే ఒడ్డున కనిపించడం నాకు ఎన్నాళ్లకీ వింతగానే ఉండేది.

జాతులు తక్కువంటే గొలుసులో కొక్కేలు తక్కువ. ఒకటి ఊడితే ఆ కుదుపు చివరిదాకా తెలిసిపోతుంది. ఇది నేను అరుగు ముందు కూర్చునే నేర్చుకున్నాను.

బాల్టిక్‌లో కాడ్ చేప గుడ్డు నీళ్లలో తేలాలంటే నీళ్లు కాస్త ఉప్పగా ఉండాలి. అంత ఉప్పునీళ్లు అడుగున లోతుల్లోనే ఉంటాయి. అక్కడ ప్రాణవాయువు ఉండదు. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు తెచ్చిన పోషకాలతో పైన నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగుకి చేరి కుళ్లుతూ ఉన్న ప్రాణవాయువునంతా తినేస్తుంది. గోట్లాండ్‌కి తూర్పున 249 మీటర్ల లోతు గొయ్యి ఒకటుంది. దాని అడుగున చాలాకాలం ఏ పురుగూ బతకని నీళ్లే ఉన్నాయి. అలా పైన తేలలేక, కింద ఊపిరాడక కాడ్ గుడ్లు పోయాయి. దానికి తోడు విపరీతంగా పట్టేశారు. 1980ల మొదట్లో కిక్కిరిసి ఉన్న కాడ్ ఆ తర్వాత కూలిపోయింది. 2019లో తూర్పు బాల్టిక్ కాడ్ వేటని యూరోపియన్ యూనియన్ ఆపేసింది.

కాడ్ తినేది స్ప్రాట్ అనే చిన్న చేపని. తినేది పోయేసరికి 1990ల్లో స్ప్రాట్ పొంగింది. పొంగితే గిల్లెమాట్‌కి పండగే అనుకుంటాం, ఎందుకంటే పిల్లకి అది తెచ్చేదీ స్ప్రాటే. జరిగింది వేరు. చేపలు ఎక్కువైతే వాటి తిండి వాటికే చాలదు కదా, ఒక్కో స్ప్రాట్ బక్కచిక్కింది. పక్షి ఒక్కసారికి తెచ్చేది ఒక్క చేప. ముక్కులో పొడుగ్గా పట్టుకుని తెస్తుంది. ఆ ఒక్కటీ బక్కదైతే, సముద్రం నిండా ఎన్ని ఉంటే ఏం లాభం? కార్ల్‌సోలో అరుగు మీంచి సముద్రంలోకి దూకే పిల్లల బరువు ఆ పదేళ్లూ తగ్గుతూ వచ్చింది. స్ప్రాట్ సంఖ్య తగ్గాక ఆ బరువు మళ్లీ పెరిగింది. అడుగున ఊపిరాడని కాడ్ గుడ్డు నుంచి అరుగు మీద పిల్ల పొట్టదాకా ఉన్న దారి ఇది. ఎన్నో ఏళ్లు, ప్రతి వేసవీ, ఎవరో ఒకరు పిల్లల్ని తూచి అంకె రాసిపెట్టబట్టే ఈ దారి తెలిసింది.

పెద్ద పక్షుల్ని ఇంకో ఆపద ముంచింది. సాల్మన్ కోసం వేసిన వేలాడే వలల్లో ఇవి మునిగి చచ్చిపోయేవి. బాల్టిక్‌లో అలాంటి వలల్ని 2008 నుంచి నిషేధించారు. అది బాగా చేసిన పని. దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం ఫ్రీజర్ల సంగతి. 1960ల చివర నుంచి ఏటా ఈ దీవి నుంచి మొదట్లో పెట్టిన గుడ్లు కొన్ని తీసుకెళ్లి స్టాక్‌హోమ్‌లోని ప్రకృతి చరిత్ర జాతీయ మ్యూజియంలో గడ్డకట్టించి దాస్తున్నారు. ముందుగా పెట్టిన గుడ్డు పోతే పక్షి మళ్లీ ఇంకోటి పెట్టుకోగలదు, అందుకే తొలి గుడ్లే తీస్తారు. అయినా ఆ గుడ్డు చేతిలోకి తీసుకునే మనిషి ఏమనుకుంటూ తీసుకుంటాడో నాకు తెలుసు. ఒకసారి నా పక్కనున్న పెద్దాయన దాన్ని పెట్టెలో దూది మీద పెట్టి, మూతవేసి, మూత మీద ఒక క్షణం చెయ్యి ఉంచాడు.

ఎందుకు ఇంత శ్రమ? 1966లో సోరెన్ యెన్సెన్ అనే స్వీడిష్ రసాయన శాస్త్రవేత్త బాల్టిక్ జంతువుల్లో డీడీటీ అనే పురుగుమందు కోసం వెతుకుతుంటే అంతుచిక్కని ఇంకో పదార్థం కనిపించింది. అది పీసీబీ. అప్పట్లో ట్రాన్స్‌ఫార్మర్లలో, రంగుల్లో వాడిన నూనె. అప్పటిదాకా అది ప్రాణుల ఒంట్లో చేరుతోందని ఎవరికీ తెలీదు. గిల్లెమాట్ చేపే తింటుంది, బాల్టిక్‌లోనే ఉంటుంది, చలికాలంలో కూడా దూరం పోదు. సముద్రంలో ఏముంటే దాని గుడ్డు కొవ్వులో అది తేలుతుంది. నిషేధాలు వచ్చాక ఆ గుడ్లలో డీడీటీ, పీసీబీ 90 శాతానికి పైగా పడిపోయాయి. నిషేధం పనిచేసిందని గుడ్డు చెప్పింది.

అదే గుడ్డు ఇంకో మాట కూడా చెప్పింది. నీళ్లంటని బట్టలకీ అగ్గి ఆర్పే నురగకీ వాడిన పీఎఫ్‌ఓఎస్ అనే రసాయనం మీద అనుమానం వచ్చాక, శాస్త్రవేత్తలు పాత ఫ్రీజర్లు తెరిచారు. 1968లో గ్రాము గుడ్డుకి 25 నానోగ్రాములున్నది 2003 నాటికి 614కి చేరింది. 1968లో ఆ గుడ్డు దాచినవాళ్లకి పీఎఫ్‌ఓఎస్ అన్న పేరే తెలీదు. ఏం అడగాలో తెలీని రోజుల్లోనే జవాబు దాచిపెట్టారు. రాత్రి బసలో ఈ లెక్క చదివి చాలాసేపు నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున నా నోటుపుస్తకంలో అంకెలు ముందుకన్నా గుండ్రంగా, చదవడానికి వీలుగా రాశాను.

జూన్ 15. ముందురోజు నుంచీ గుడ్డుకి చిన్న నక్షత్రం లాంటి పగులు. తెల్ల ఉంగరం పక్షి మాటిమాటికీ లేచి ముక్కు దగ్గరగా పెట్టి గొంతులో సన్నగా ఏదో అంటోంది. అది ఆపగానే పెంకు లోపల్నుంచి "పీ" అని జవాబు. మళ్లీ ఇది అంటుంది, మళ్లీ అది పలుకుతుంది. పక్కనే ఆరో చోటు పక్షి గట్టిగా అరిచింది. పెంకు లోపల నుంచి ఉలుకూ పలుకూ లేదు. పదిసార్లు చూశాను. ఇందాక నమ్మానన్నది ఇదే. మధ్యాహ్నానికి పిల్ల బయటికొచ్చింది. తడిసిన బూడిద దూది ఉండలా ఉంది. ఇరవై నిమిషాల్లో రెక్క కిందికి వెళ్లిపోయింది.

ఆ రెక్క కింద నాకో పాఠం ఉంది. జూన్ 19న ఉదయం ఏడో చోటులో పిల్ల కనబడలేదు. అయిదు నిమిషాలు చూసి "పిల్ల లేదు" అని రాసేశాను. అప్పటికి అక్కడ పన్నెండో వేసవి గడుపుతున్న సహోద్యోగి ఒకాయన నా పుస్తకం చూసి అడిగాడు.

"లేదా, కనబడలేదా?"

"కనబడలేదు."

"అయితే అదే రాయి. లేదు అని రాస్తే ఆ జంట లెక్క అక్కడితో ముగిసిపోతుంది. ఇంకో గంట కూర్చో."

కూర్చున్నాను. నలభై నిమిషాలకి పచ్చ ఉంగరం పక్షి స్ప్రాట్‌తో వచ్చింది. చేప తోక ముందుకు ఉండేలా పట్టుకుని, తలొంచి, రెండు రెక్కలూ గుడారంలా దించి చేపని లోపలికి అందించింది. తెల్ల ఉంగరం పక్షి రెక్క కింద నుంచి చిన్న నల్ల ముక్కు బయటికొచ్చి, చేపని తలవైపు తిప్పుకుని, తన ఒంటిలో సగం పొడుగున్న దాన్ని మూడు గుటకల్లో మింగేసింది. "లేదు" కొట్టేసి "ఉంది" రాశాను. కొట్టివేత అలాగే ఉంచమన్నాడాయన, తుడపొద్దన్నాడు. రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ముందు ఈ విషయమే చెప్పాను. "పిల్లని రెక్క కింద పెట్టుకుని కూచున్నదాన్ని పట్టుకుని పిల్ల లేదని ఎట్లా రాస్తావే?" అంది. నిజమే.

పదకొండో చోటుది వేరే కథ. ఆలస్యంగా పెట్టిన గుడ్డు అది. జూన్ మూడో వారంలో రెండ్రోజులు గాలి ఆడలేదు, మధ్యాహ్నం ఎండ నేరుగా అరుగు మీద పడింది. నల్లటి వీపు పక్షి, చల్లటి సముద్రానికి అలవాటుపడ్డది. నోరు తెరిచి వగర్చింది, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంది, లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. మూడున్నరకి ఇక తట్టుకోలేక నీళ్లలోకి వెళ్లిపోయింది. గుడ్డు ఎండలో మిగిలింది. సీగల్ రావడానికి నిమిషం పట్టలేదు. కంత దగ్గర కూర్చున్న నేను ఏమీ చేయకూడదు, చేయలేదు. ఎండ దెబ్బకి ఇలా గుడ్లు, పిల్లలు పోవడం ఇక్కడి వీడియోల్లో ఇంతకుముందే బయటపడింది. వేడి రోజులు పెరిగే కొద్దీ ఇది పెరుగుతుంది. ఆ సాయంత్రం "గుడ్డు లేదు" అని రాసేటప్పుడు అనుమానం ఏమీ లేదు.

ఇక్కడికి రాకముందు నా మనసులో ఒక గట్టి అభిప్రాయం ఉండేది: మనుషులు తప్పుకుంటే చాలు, ప్రకృతి దానంతట అది బాగుపడుతుందని. దాన్ని మార్చింది 2020 లెక్క. కోవిడ్ వల్ల ఆ వసంతంలో యాత్రికులు దీవికి రాలేదు. చరియ అంచున నిలబడి చూసే జనం లేరు, మాటలు లేవు, కెమెరాలు లేవు. పక్షులకి హాయి అనుకుంటాం. కానీ మనిషిని చూస్తే దూరంగా ఉండే తెల్లతోక గద్దలు, మనిషి లేకపోయేసరికి చరియల దగ్గరికి వచ్చేశాయి. మునుపటికన్నా ఏడింతలు ఎక్కువగా కనిపించాయి. గద్ద గాల్లో కనబడగానే గిల్లెమాట్లు మూకుమ్మడిగా అరుగు వదిలి సముద్రం మీదికి ఎగిరిపోతాయి. ఆ హడావిడిలో కొన్ని గుడ్లు దొర్లి పడతాయి, మిగిలినవి సీగళ్లు, కాకులు ఎత్తుకుపోతాయి. అంతకుముందు ఏడాది, 2019లో, పక్షులు ఇలా రోజుకి సగటున 72 నిమిషాలు అరుగులు వదిలి ఉన్నాయి. 2020లో 602 నిమిషాలు. పది గంటలు! ఆ ఏడాది పిల్లలు నిలిచింది మామూలు కన్నా 26 శాతం తక్కువ.

గద్ద మీద నాకు కోపం లేదు. దాని కథ తెలిసినవాళ్లెవరికీ ఉండదు. డీడీటీ, పీసీబీలతో బాల్టిక్ తీరం గద్దలకి గుడ్లు నిలవకుండా పోయి, అంతరించేదాకా వచ్చాయి. స్వీడన్‌లో 1971 నుంచి ప్రకృతి ప్రేమికులు చలికాలంలో మంచులో నడిచి విషం లేని మాంసం పెట్టి వాటిని నిలబెట్టారు. ఫ్రీజర్లో గిల్లెమాట్ గుడ్డు ఏ మంచి కబురు చెప్పిందో, గాల్లో గద్ద తిరిగి రావడం కూడా అదే కబురు. రెండూ మన వల్లే పోబోయాయి, మన వల్లే నిలిచాయి. ఇప్పుడు ఒకదానికి ఇంకోదానితో పేచీ వచ్చింది, నడుమ చరియ అంచున నిలబడ్డ యాత్రికుడు తెలియకుండానే కాపలాదారు అవుతున్నాడు. దీనికి సులువైన జవాబు నా దగ్గర లేదు. మనిషి ఉండాలా, వద్దా అన్న ప్రశ్నే సరిగ్గా లేదని మాత్రం ఇప్పుడనిపిస్తుంది. ఎక్కడ నిలబడాలి, ఎన్ని అడుగుల దూరంలో, ఏ నెలలో అని అడగాలి.

జూన్ చివర నుంచి జులై మొదటి వారం దాకా దీవి మీద ఎవరూ తొందరగా పడుకోరు. పిల్లలు దూకే రోజులవి. మూడు వారాల పిల్లకి ఎగరడం రాదు, రెక్క ఈకలు ఇంకా మొలకల్లా ఉంటాయి. పావుకిలో బరువు, తల్లి బరువులో పావు వంతు. అయినా పొద్దు వాలాక ఇంత ఎత్తు నుంచి గాల్లోకి అడుగేస్తుంది. కింద నీళ్ల మీద తండ్రి పిలుస్తుంటుంది. రాళ్ల మీద పడి, బంతిలా ఎగిరి, లేచి, పరిగెత్తుకుంటూ నీళ్లలోకి వెళ్తుంది. ఆ తర్వాత వారాల తరబడి తండ్రే దాన్ని వెంటబెట్టుకుని నడిసముద్రంలో మేపుతుంది.

ఒడ్డున ఉంగరాలు వేసే బృందంతో మూడు రాత్రులు ఉన్నాను. రాళ్ల మీద పరిగెడుతున్న పిల్లని రెండు చేతులా పట్టుకుని, గుడ్డ సంచిలో వేసి తూచి, కాలికి ఉక్కు ఉంగరం తొడిగి, నీళ్ల అంచున వదలాలి. మొదటి పిల్ల నా చేతిలో పడ్డప్పుడు దాని గుండె కొట్టుకోవడం నా వేళ్లకి తెలిసింది, విడివిడిగా లెక్కపెట్టలేనంత వేగంగా. కాళ్లు చల్లగా ఉన్నాయి, పొట్ట వెచ్చగా ఉంది. 248 గ్రాములు. రాసేవాళ్లకి గట్టిగా చెప్పాను. వదలగానే రెండక్షరాల ఈల వేస్తూ ఈదుకుంటూ పోయింది. చీకట్లో ఎక్కడి నుంచో బొంగురు గొంతు పలికింది, పిల్ల ఆ వైపు తిరిగింది.

జులై 6న మాత్రం ఒడ్డుకి వెళ్లలేదు. ఏడో చోటు పిల్లకి ఇరవై ఒకటో రోజు. సాయంత్రం ఏడు నుంచే కంత దగ్గర కూర్చున్నాను. పిల్ల అరుగు అంచుకి వచ్చి కిందికి చూసింది, వెనక్కి వెళ్లింది. రెక్కలు టపటపా కొట్టింది. మళ్లీ అంచు, మళ్లీ వెనక్కి. తెల్ల ఉంగరం తండ్రి దాని పక్కనే, మెడ నిమురుతూ. పచ్చ ఉంగరం తల్లి గోడవైపు. తొమ్మిదిన్నరకి సూర్యుడు నీళ్లకి దగ్గరయ్యాడు, అరుగంతా నారింజ రంగు. తండ్రి ఎగిరిపోయింది. రెండు నిమిషాలకి కింద నుంచి ఆ గొంతు. ఇన్ని వేల గొంతుల్లో నాకే తెలిసిపోయింది, పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? మెడ చాపింది. ఈల వేసింది. తొమ్మిదీ నలభై రెండుకి అంచు మీద దాని పాదాలు కనబడ్డాయి, తర్వాత కనబడలేదు.

ఎక్కడ పడిందో అక్కడి నుంచి నాకు తెలీదు. ఆ రాత్రి ఒడ్డున ఎన్నో పిల్లలకి ఉంగరాలు వేశారు. వాటిలో అది ఉందో, ఎవరి చేతికీ చిక్కకుండా నీళ్లలోకి పోయిందో. నాలుగైదేళ్ల తర్వాత ఏ అరుగు మీదైనా దిగితే, కాలికి ఉంగరం ఉంటే, అప్పుడు కూర్చున్నవాళ్లు దాన్ని చదువుతారు.

పిల్ల వెళ్లాక కూడా తల్లి అరుగు వదల్లేదు. ఆడపక్షులు ఇలా రెండు మూడు వారాలు తమ చోటుకి వచ్చిపోతూ ఉంటాయట, వచ్చే ఏటికి ఆ జానెడు నేల ఇంకొకరు ఆక్రమించకుండా. జులై 10న నా పడవ మధ్యాహ్నం. పొద్దున ఆఖరిసారి కంత తెరిచాను. చుట్టూ సగం చోట్లు ఖాళీ. గాలికి రెట్ట పొడి లేస్తోంది. నోటుపుస్తకంలో నా చేతిరాతలో చివరి వరస ఇది:

"5:40. నాలుగో అరుగు, ఏడో చోటు. పచ్చ ఉంగరం. ఒక్కతే నిలబడి ఉంది."